వికారాబాద్, తాండూరు దారుల్లో సరాయి: చరిత్ర, కట్టడం

సరాయి అంటే ఎత్తైన ప్రహరీ, పెద్ద దర్వాజా, లోపల విశాలమైన ముంగిలి, దాని చుట్టూ వరుస గదులు ఉన్న బాటసారుల విడిది. గోల్కొండ నుంచి బీదరు, గుల్బర్గా, బీజాపూర్ వైపు పోయే పడమటి దారుల్లో నేటి వికారాబాద్ జిల్లా ప్రాంతం ఉంది. బరువు లాగే ఎడ్లబండి రోజుకు 20, 25 కిలోమీటర్లకు మించి నడవదు. హైదరాబాద్ నుంచి తాండూరు సుమారు 110 కిలోమీటర్లు. అంటే నాలుగైదు మజిలీలు. మజిలీ అన్నచోట ఎడ్లకు నీళ్లు, మేత, సరుకుకు కాపలా ఉండాలి. మనిషికి కావలసిన నీడ వీటి తర్వాతే. సరాయి కట్టడాన్ని ఈ వరుసలోనే చూడాలి.

ఈ దారులకు గోల్కొండ కొసన నిలిచిన మంచి ఉదాహరణ షేక్‌పేట సరాయి. 17వ శతాబ్దంలో, అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో కట్టిన రెండంతస్తుల రాతి కట్టడం ఇది. సుమారు 30 గదులు, గుర్రాలకూ ఒంటెలకూ వేర్వేరు పాకలు, పక్కనే మసీదు, ఒక సమాధి ఉన్నాయి. గదుల ముందు కమానులు, పైన రాయీ డంగుసున్నమూ కలిపి కట్టిన వంపు కప్పు. కలప వాడకం తక్కువ కాబట్టి నిప్పు భయం తక్కువ. వందల పశువులు, గడ్డివాములు, వంట పొయ్యిలు ఒకేచోట ఉండే కట్టడానికి ఇది చిన్న విషయం కాదు. గదులన్నీ ముంగిలివైపే తెరుచుకోవడం సరాయిల సామాన్య లక్షణం. రాత్రి దర్వాజా వేశాక బయటివాడు లోపలికి రావడానికి దారి ఉండదు. గది ముందే సరుకు దించుకున్న వర్తకుడు గడపలో పడుకున్నా దాన్ని కనిపెట్టుకోగలడు.

నగరానికి తూర్పున, మచిలీపట్నం దారిలోని హయత్‌నగర్ సరాయి పద్ధతి వేరు. అక్కడ ముంగిలి నడుమ అయిదు కమానుల మసీదు, చుట్టూ నూటికి పైగా చిన్న గదులు. ఆ పక్కనే ఉన్న హాథీ బావి పరిమాణం చూస్తే ఎంత పెద్ద బిడారు, అంటే వర్తకుల గుంపు, దిగేదో అంచనాకు వస్తుంది. ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే కూడా గోల్కొండ నగర శివారులోని మసీదులు పరాయి ఊరివాళ్లకు విడిదిగా ఉపయోగపడేవని రాశాడు. హైదరాబాద్‌లోని కార్వాన్ పేట పేరులో ఆ బిడార్ల జ్ఞాపకం ఇప్పటికీ ఉంది.

ఉత్తరాదిన షేర్ షా సూరి 16వ శతాబ్దంలోనే రాజమార్గాల మీద రెండేసి కోసులకు ఒక సరాయి కట్టించి, వాటినే టపా గుర్రాలు మార్చే ఠాణాలుగా వాడాడు. ఇంగ్లండులో సంత ఊళ్లలోని బగ్గీల విడుదులు చేసిన పనీ ఇదే. 1784లో టపా బగ్గీలు మొదలయ్యాక అవి వర్ధిల్లాయి; 1840ల నాటికి రైలు వచ్చి వాటి వ్యాపారాన్ని దెబ్బతీసింది.

ఇక్కడ ఆ మార్పు 1874లో వచ్చింది. వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం సొంత రైల్వే తొలి మార్గం తాండూరు, వికారాబాద్ మీదుగానే పడింది. నాలుగైదు రోజుల ప్రయాణం కొన్ని గంటలకు తగ్గింది. నిజాం కొలువులోని పాయిగా అమీర్ల ‘వికారుల్ ఉమ్రా’ బిరుదు మీద పేరు పడిన వికారాబాద్, బీదరు వైపు లైను కలిశాక జంక్షన్ అయింది. దానితో సరాయి చేసిన పనులు విడిపోయాయి. సరుకు గంజ్‌కూ (ధాన్యం మార్కెట్‌కూ) ఆడ్తీ దుకాణాల గోదాములకూ పోయింది. బాటసారి స్టేషన్ ముసాఫిర్‌ఖానాకు చేరాడు. అనంతగిరి పద్మనాభస్వామి దర్శనానికి వచ్చే యాత్రికుడికి సత్రం ఉండనే ఉంది. పల్లెల నుంచి కందులు తెచ్చే రైతు బండికి మాత్రం గంజ్ దగ్గర ఎడ్లు విప్పుకునే ఖాళీ జాగా కావలసి వచ్చింది. సరాయి ముంగిలి పని అక్కడ చాలాకాలం సాగింది.

రైలు కాలపు సరాయి ఎలా ఉంటుందో నాంపల్లిలో చూడవచ్చు. 1907లో మొదలైన స్టేషన్ ఎదుట, 1919లో ఏడో నిజాం కాలంలో కట్టిన సరాయి అది. అక్కడ దిగేది రైలు ప్రయాణికుడు. అతని వెంట ఎద్దు లేదు, గుర్రం లేదు. కాబట్టి పశువుల పాక ప్రధానం కాదు, గదే ప్రధానం.

మళ్లీ తాండూరుకు వస్తే, అది కట్టడాలకు సొంత రాయి ఇచ్చింది. ఇక్కడి సున్నపురాయి భూమిలో పొరలు పొరలుగా ఉంటుంది. గడ్డపారతో లేపితే చదునైన బండలుగా వస్తుంది. నీలి, పసుపు రంగుల ఆ బండలు రాష్ట్రమంతటా నేలపరుపుగా ప్రసిద్ధం. ఈ ప్రాంతంలోనైతే గోడకూ, పైకప్పుకూ, పొలం గట్టుకూ అదే బండ. వంపు కప్పు కట్టాలంటే పనివాడి నైపుణ్యం, నెలల తరబడి సున్నం పని కావాలి. దూలాల మీద బండలు పరిచి గచ్చు పోస్తే కప్పు తయారవుతుంది. పాత గోదాములూ వసారాలూ చవకగా, గట్టిగా నిలవడానికి ఈ రాయే కారణం.

షేక్‌పేట సరాయికి ఇటీవల మరమ్మతులు జరిగాయి. రక్షిత కట్టడం కాబట్టి అది సాధ్యమైంది. వికారాబాద్, తాండూరు గంజ్‌లలోని పాత గోదాములు, సత్రాలు, బండ్ల జాగాలు ఎక్కువగా సొంత ఆస్తులు. వాటిని ఉంచాలా తీయాలా అన్నది యజమానుల ఇష్టమే. తీసేముందు మాత్రం గోడలో శాసనపు బండ ఏదైనా ఉంటే భద్రపరచాలి; కొలతలు రాయించి, ఫొటోలు తీయించి జిల్లా గ్రంథాలయానికి అందజేయాలి.