స్కానులో కనిపించిన మచ్చ – విశ్వాసి నిరీక్షణ

  

 

నేటి ప్రసంగాంశం కొందరికి వింతగా తోచవచ్చు. మింబరుపై నుండి నమాజు గురించి, జకాత్ గురించి చెప్పవలసిన ఇమామ్ ఊపిరితిత్తుల స్కాను గురించి మాట్లాడటమేమిటని అనుకోవచ్చు. కాని తెనాలిలోనైనా, బాపట్లలోనైనా, రేపల్లెలోనైనా అసర్ నమాజు తరువాత జమాఅత్ అంతా వెళ్ళిపోయేదాకా ఒక మూల ఆగి, చంకలోని పెద్ద కవరును మెల్లగా తీసి, “హజ్రత్, కొంచెం దుఆ చేయండి” అని గొంతు తగ్గించి అడిగేవారు ఎక్కువవుతున్నారు. వారిలో చాలామంది ఒకప్పుడు బీడీలో సిగరెట్లో కాల్చినవారే. కొందరు ఉమ్రాకు వెళ్ళి వచ్చి మానేశారు, కొందరు రమజాన్ ఉపవాసాలతో మానేశారు. మానేసి పదేళ్లయిన తరువాత ఏదో దగ్గుకో, మరో ఆపరేషనుకు ముందు పరీక్షగానో సి.టి. స్కాను తీయించుకుంటే, కుడి ఊపిరితిత్తిలో చిన్న మచ్చ ఉందని తేలుతుంది. అది క్యాన్సర్ అని డాక్టరు అనడు. కాదనీ అనడు. ఆరు నెలల తరువాత మళ్ళీ స్కాను తీయించుకు రమ్మంటాడు.

చెడ్డ వార్త వింటే మనిషి ఏడుస్తాడు, మంచి వార్త వింటే సజ్దా చేస్తాడు. ఏ వార్తా లేని ఆ ఆరు నెలలు ఎలా గడపాలి? ఈ ప్రశ్నకే నేడు జవాబు వెదకుదాం.

మొదట ఆ మచ్చ ఏమిటో తెలుసుకుందాం. తెలియని దానికి మన ఊహ వేసే రూపం అసలు దానికంటే ఎప్పుడూ భయంకరంగానే ఉంటుంది. రిపోర్టులో నాడ్యూల్ అని రాసేది ఊపిరితిత్తిలో కనిపించే, మూడు సెంటీమీటర్లకు మించని చిన్న ముద్ద వంటి మచ్చ. ఎన్నడో వచ్చి మానిపోయిన టి.బి. గాయం అలాగే కనిపిస్తుంది. పాత నిమోనియా మిగిల్చిన గుర్తూ కావచ్చు, హాని లేని చిన్న గ్రంథీ కావచ్చు, క్యాన్సరూ కావచ్చు. టి.బి. విస్తారంగా ఉన్న మన దేశంలో మానిన గాయాల మచ్చలు చాలామందిలో ఉంటాయి. ఒకే ఒక్క స్కాను చూసి వీటిని వేరు చేయడం నిపుణులకు కూడా చాలాసార్లు సాధ్యం కాదు.

అమెరికాలో ఏళ్ల తరబడి విపరీతంగా పొగ త్రాగిన 53 వేలకు పైగా ప్రజలపై ఒక పెద్ద పరిశోధన జరిగింది. దాని ఫలితాలు 2011లో వెలువడ్డాయి. రోగ లక్షణాలేవీ లేని ఆ మనుషులలో సగం మందికి ఏటా ఒకసారి చొప్పున మూడుసార్లు తక్కువ రేడియేషనుతో సి.టి. స్కాను తీశారు. అనుమానం ఉందని తేలిన స్కానులలో నూటికి 96కు పైగా చివరకు క్యాన్సర్ కానివే. ఈ మాట వినగానే “అయితే నాకేమీ లేదు” అని ఇంటికి వెళ్ళి నిద్రపోవద్దు. ఎందుకంటే అదే పరిశోధనలో, ఎక్స్‌రే మాత్రమే తీసినవారితో పోలిస్తే స్కాను తీసినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు ఇరవై శాతం తగ్గాయి. మిగిలిన ఆ నాలుగింటిని సకాలంలో పట్టుకున్నందువల్లనే ఆ ప్రాణాలు నిలిచాయి. భయపడి కుంగిపోనక్కరలేదు, ఉపేక్షించనూ కూడదు. ఈ రెండు మాటలూ ఒకే లెక్కలో ఉన్నాయి.

మరి వెంటనే సూది గుచ్చి చూడకుండా డాక్టరు ఆగమనడం ఎందుకు? చాలామంది దీనిని నిర్లక్ష్యమనుకుంటారు. నిజానికి ఆ ఆగడమే ఒక పరీక్ష. క్యాన్సర్ అయితే సాధారణంగా పెరుగుతుంది, పాత గాయపు మచ్చ పెరగదు. అందుకే మచ్చ ఎన్ని మిల్లీమీటర్లున్నదన్న దానిని బట్టి గడువు పెడతారు. ఆరు మిల్లీమీటర్లకు లోపు ఉన్న గట్టి మచ్చకు, పొగ త్రాగిన చరిత్ర ఉంటే, ఏడాది తరువాత ఒకసారి చూడవచ్చునంటారు. ఆరు నుండి ఎనిమిది మధ్య ఉంటే ఆరు నుండి పన్నెండు నెలలలో చూస్తారు. ఎనిమిది దాటితే మూడు నెలలకే మళ్ళీ స్కాను, లేదా పెట్ స్కాను, లేదా ముక్క తీసి పరీక్షించడం. గట్టి మచ్చ రెండేళ్లపాటు మారకుండా ఉంటే సాధారణంగా హాని లేనిదిగా భావిస్తారు. మసక అద్దంలా కనిపించే మచ్చలు మెల్లగా పెరుగుతాయి కనుక వాటిని అయిదేళ్ల వరకు గమనిస్తారు.

సోదరులారా! ఈ “గమనిస్తూ ఆగడం” అన్నది నేను చదివినప్పుడు నాకు దివ్య ఖుర్ఆన్‌లోని ఒక తల్లి గుర్తుకు వచ్చింది. ఆమె హజ్రత్ మూసా (అ) మాతృమూర్తి. బిడ్డను పెట్టెలో ఉంచి నదిలో విడిచిపెట్టమని ఆమెకు ఆదేశం వచ్చింది. బిడ్డ తిరిగి వస్తాడని అల్లాహ్ స్వయంగా వాగ్దానం చేశాడు. అయినా ఆ తల్లి హృదయం శూన్యమైపోయిందని, అల్లాహ్ ఆమె గుండెను దృఢపరచకపోతే రహస్యాన్ని బయట పెట్టేసేదేనని అల్ ఖసస్ సూరా మనకు తెలుపుతోంది. దైవ వాగ్దానం చేతిలో ఉన్న స్త్రీకే అంత ఆందోళన కలిగితే, రిపోర్టు మాత్రమే చేతిలో ఉన్న మనకు కలగడం ఈమాన్ లోపం కాదు. ఇక ఆమె చేసిన రెండవ పని చూడండి. నమ్మి ఊరుకోలేదు. అతని వెంబడి వెళ్ళి చూడమని కూతురిని పంపింది. ఆ బాలిక ఎవరికీ తెలియకుండా దూరం నుండి కనిపెడుతూ నడిచింది. అల్లాహ్‌పై తవక్కుల్ ఒక చేత, నదీ తీరం వెంబడి చూపు మరొక చేత. ఆరు నెలల తరువాత తీయించుకునే స్కాను మనకు ఆ బాలిక వంటిది.

హజ్రత్ యాఖూబ్ (అ) సంగతీ అంతే. కుమారుడు బ్రతికి ఉన్నాడో లేడో తెలియని ఏళ్లు ఆయనవి. దుఃఖంతో కళ్ళు తెల్లబడ్డాయి. తన బాధను అల్లాహ్‌కే మొరపెట్టుకున్నాడు. ఆ వెంటనే కుమారులను పిలిచి, వెళ్ళి యూసుఫ్‌ను, అతని సోదరుణ్ణి వెదకండి, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందకండి అని పంపాడు. ఏడ్చినవాడే వెదకమన్నాడు.

మహాప్రవక్త (స) తరచుగా చేసిన ఒక దుఆలో రెండు బాధల నుండి శరణు కోరారు. ఒకటి ‘హమ్మ్’, రెండవది ‘హుజ్న్’. రెంటినీ తెలుగులో దిగులు అనే చెప్పుకుంటాము గాని, ఉలమాలు వాటి మధ్య తేడా చూపారు. రాబోయే దానిని గురించిన కలత హమ్మ్, గడచిపోయిన దానిని గురించిన శోకం హుజ్న్. పొగ మానిన మనిషి చేతికి ఇటువంటి రిపోర్టు వస్తే ఈ రెండూ ఒకేసారి మీద పడతాయి. రేపు ఏమవుతుందో అన్నది ఒకటి, నా చేతులారా నేనే తెచ్చుకున్నానే అన్నది మరొకటి. నా అనుభవంలో రెండవదే మనిషిని ఎక్కువగా తినివేస్తుంది. రేపల్లె నుండి వచ్చిన ఒక పెద్దాయన తన మచ్చ సంగతి భార్యకు కూడా చెప్పలేదు. “మానమని ముప్పై ఏళ్లు చెప్పింది హజ్రత్, ఇప్పుడు ఏ ముఖంతో చెప్పను?” అన్నారు. మచ్చకంటే ఆ సిగ్గే ఆయనకు బరువుగా ఉంది.

అటువంటి సోదరునికి నేను చెప్పేది ఇది. తౌబా చేసినవాడు పాపమే చేయనివాని వంటివాడని మహాప్రవక్త (స) తెలియజేశారు. మీరు మానిన రోజునే ఆ లెక్క అల్లాహ్ వద్దకు వెళ్ళింది. దానిని మీరు మళ్ళీ మళ్ళీ తిరగదోడవలసిన పని లేదు. మానడం వృథా కూడా కాలేదు. బ్రిటన్‌లో 1951 నుండి వేలాది డాక్టర్లను యాభై ఏళ్లపాటు గమనించి 2004లో ప్రకటించిన లెక్క ప్రకారం, అరవై ఏళ్ల వయస్సులో మానినవారికి సుమారు మూడేళ్లు, యాభైలో మానినవారికి ఆరేళ్లు, నలభైలో మానినవారికి తొమ్మిదేళ్లు ఆయుష్షు కలిసివచ్చింది. ఆయుష్షు అల్లాహ్ చేతిలోనిదే, దానికి ఆయన కారణాలనూ కల్పించాడు.

అయితే తౌబా చేశామని డాక్టరు దగ్గర పొగ సంగతి దాచకండి. గడ్డం పెంచిన తరువాత “నాకు అలవాటు లేదు” అని చెప్పేవారిని నేనెరుగుదును. పాపాన్ని నలుగురిలో చాటుకోవడం తప్పే. వైద్యునికి నిజం చెప్పడం మాత్రం చికిత్సలో భాగం. రోజుకు ఎన్ని, ఎన్నేళ్లు, ఎప్పుడు మానారు అన్న దానిని బట్టే ఆయన గడువు నిర్ణయిస్తాడు.

కొందరు ఈ తిప్పలన్నీ ఎందుకు, తఖ్దీర్‌లో ఉన్నదే జరుగుతుంది అంటారు. హిజ్రీ 18వ సంవత్సర ప్రాంతంలో హజ్రత్ ఉమర్ (ర) షామ్ దేశానికి వెళుతూ సర్గ్ అనే చోట ఉండగా, అక్కడ ప్లేగు వ్యాపించిందని తెలిసింది. సహచరులతో సంప్రదించి వెనుదిరగాలని నిశ్చయించారు. అల్లాహ్ నిర్ణయం నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (ర) అడిగారు. అల్లాహ్ ఒక నిర్ణయం నుండి ఆయన మరొక నిర్ణయం వైపుకే వెళుతున్నామని ఉమర్ (ర) బదులిచ్చారు. పచ్చని లోయ ఒకటి, ఎండిన లోయ ఒకటి ఉంటే ఒంటెలను ఎందులో మేపినా అది అల్లాహ్ నిర్ణయమే కదా అని వివరించారు. స్కానుకు వెళ్ళడమూ తఖ్దీరే, వెళ్ళకపోవడమూ తఖ్దీరే. పచ్చని లోయను ఎంచుకోండి.

ఇక మన ప్రాంతంలో జరిగే రెండు పొరపాట్లు. మచ్చ కనిపించగానే కఫం పరీక్ష కూడా చేయకుండా టి.బి. మందులు మొదలుపెట్టడం ఒకటి. ఊపిరితిత్తుల క్యాన్సరును టి.బి. అని భ్రమపడి నెలల తరబడి మందులు మింగి, సమయం పోగొట్టుకున్న రోగులు మన దేశంలో ఎందరో ఉన్నారు. కఫం పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. ముందు అది చేయించండి. రెండవది, సూది తగిలితే గడ్డ పాకుతుందన్న భయం. ఈ మాట నమ్మి బయాప్సీకి ఒప్పుకోక, చేయి దాటిన తరువాత గుంటూరు పెద్దాసుపత్రి మెట్లెక్కేవారు ఉన్నారు. డాక్టరు అవసరమన్నప్పుడు ఆ పరీక్ష వల్ల కలిగే లాభం దాని ప్రమాదంకంటే ఎంతో ఎక్కువ. తేనె, కలౌంజీ తీసుకోండి, బర్కత్ ఉంది. కాని వాటిని స్కాను తారీఖుకు బదులుగా పెట్టకండి.

రిపోర్టు తీసుకునేటప్పుడు మచ్చ కొలత ఎంత, గట్టిదా మసకదా, మళ్ళీ ఏ తారీఖున రావాలి, ఏ లక్షణం కనిపిస్తే గడువుకు ముందే రావాలి అని అడిగి కాగితంపై రాయించుకోండి. కఫంలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, గొంతు బొంగురుపోయి వారాల తరబడి తగ్గకపోయినా తారీఖు కోసం ఆగవద్దు. పదేళ్ల నాటి ఎక్స్‌రే బీరువాలో ఉంటే పారవేయకండి. అప్పుడూ అదే మచ్చ ఉందని తేలితే మీ ఆరు నెలల దిగులు ఆరు నిమిషాల్లో తీరిపోవచ్చు. రాత్రి రెండు గంటలకు ఫోనులో వీడియోలు చూడటం మానండి. ఆ వేళకు మెలకువ ఎలాగూ వస్తున్నది కనుక వుజూ చేసి రెండు రకాతులు చదవండి. వసియ్యత్ రాయకుండా రెండు రాత్రులైనా గడపరాదని హదీసు ఉంది. అప్పులు, అమానతులు కాగితంపై పెట్టండి. ఇది రోగి పని కాదు, విశ్వాసి పని. నాకు స్కాను లేకపోయినా నాకూ వర్తిస్తుంది.

ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. రేపల్లె పెద్దాయన చివరకు భార్యకు చెప్పారు. ఆమె ఏమీ అనలేదట. కవరు తీసుకుని ముస్హఫ్ ఉన్న అలమారాలో పెట్టి, తారీఖు ఎప్పుడని అడిగిందట.

వినేవారికీ ఒక మాట. ఎవరైనా తమ సంగతి చెప్పుకుంటే అది అమానత్. మగ్రిబ్‌కు విన్నది ఇషాకు బజారంతా పాకకూడదు. “మా మామకూ ఇలాగే మొదలై మూడు నెలల్లో పోయాడు” అన్న పలకరింపు ఎవరికీ వద్దు. చేతనైతే తోడుగా గుంటూరుకు వెళ్ళండి. డబ్బు లేక రెండవ స్కాను మానుకునేవారున్నారు. మసీదులో మరో ఫ్యాను బిగించడంకంటే అర్హుడైన ఒక సోదరుని స్కానుకు సొమ్ము కట్టడం మేలని నా అభిప్రాయం. కమిటీ పెద్దలు ఆలోచించాలి.

పొగాకు మనకు కొత్త కాదు. అసద్ బేగ్ బీజాపూర్ నుండి తెచ్చి అక్బర్ దర్బారులో పెట్టినప్పుడే హకీం వారించాడు. జహాంగీర్ 1617లో నిషేధించాడు. ఆ నిషేధం నిలవలేదు. పొగాకు బోర్డు కార్యాలయం మన గుంటూరులోనే ఉంది, ఆ ఆకుపై ఎన్నో కుటుంబాలు బ్రతికాయి. రైతును నిందించడం నా ఉద్దేశం కాదు. జుమా తరువాత మసీదు గేటు పక్కన టీ కొట్టు వద్ద సిగరెట్ వెలిగించే కుర్రవాళ్ళు మాత్రం, వెనుక వరుసలో కూర్చున్న పెద్దల ముఖాలు ఒకసారి చూసి వెళ్ళండి.

యా అల్లాహ్! తారీఖు కోసం ఎదురుచూస్తున్న మా సోదర సోదరీమణుల రాత్రులను తేలిక చేయి. వారి మచ్చలను మానిన గాయాలుగా చేయి. నీ నిర్ణయం మరొకటైతే, దానిని తొందరగా తెలియజేసి, చికిత్సకు దారి, దానిని భరించే గుండెను ప్రసాదించు. వారి ఇంటివారికి సహనం ఇవ్వు. పొగ మానాలని నేడు సంకల్పించే వానికి సాయంత్రం వరకు, ఆ పైన రేపటి వరకు బలాన్ని ఇవ్వు. ఆమీన్.