చౌక ఫోనునకు గట్టి తాళము

(సాంస్కృతిక సంఘ సభలో చదివిన ప్రసంగము)



రహస్య పత్రములను మోసికొనిపోవు సంచికి తాళము వేయవలెనని ఒక నియమము కలదనుకొందురు గాక. ఆ తాళము తీయుటకు ప్రతిసారియు పావుగంట పట్టినచో ఏమగును? కొలది దినములలోనే సంచి తాళము లేకయే తిరుగును. నియమము పుస్తకములో నిలుచును; తాళము బల్లసొరుగులో నిలుచును. కార్యాలయములందు పనిచేయువారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. గణకయంత్రముల లోకమునందును ఇదే న్యాయము. కనుక గూఢలిపిని వేగవంతము చేయుట పండితుల వినోదముగా మాత్రమే కనబడరాదు. ఎవరి రహస్యము దాగును, ఎవరిది దాగదు అను ప్రశ్న అందులో ఇమిడియున్నది.

ఇందుకు ఇటీవలి చరిత్రలో చక్కని దృష్టాంతము కలదు. 2015లో వెలువడిన ఆండ్రాయిడ్ 6.0 నియమముల ప్రకారము, చాలవరకు ఫోనులలో నిలువచేసిన సమాచారము గూఢలిపిలో ఉండవలెను. అయితే ఆ నియమమునకు ఒక మినహాయింపు చేర్చిరి. 2001లో అమెరికా ప్రమాణముగా స్వీకరింపబడిన ఏఈఎస్ అను గూఢలిపిని సెకనుకు 50 మెబీబైట్లకు మించిన వేగముతో నడపలేని ఫోనులకు ఈ నిర్బంధము లేదు. ఖరీదైన ప్రాసెసర్లలో ఏఈఎస్ కొరకు ప్రత్యేకమైన ఆదేశములు పుట్టుకతోనే ఉండును. 2011లో ప్రకటింపబడి చౌక ఫోనులలో విరివిగా చేరిన కార్టెక్స్-ఏ7 వంటి ప్రాసెసర్లకు ఆ భాగ్యము లేదు. ఫలితమేమి? ధనవంతుని ఫోను పోయినను అందలి ఉత్తరములు భద్రము. కూలివాని ఫోను, చిల్లర దుకాణదారుని ఫోను, పల్లెటూరి విద్యార్థిని ఫోను పోయినచో, దొరికినవానికి అది తెరచిన పుస్తకము.

ఈ అంతరమును తగ్గించినది ధారాగూఢలిపి, అనగా స్ట్రీం సైఫర్. దాని మూలసూత్రము సులభము. ఒక చిన్న తాళపుచెవి నుండి, చూచువారికి అర్థముకాని అంకెల ధారను యంత్రము పుట్టించును. దాచవలసిన సమాచారపు ప్రతి బిట్టును ఆ ధారలోని బిట్టుతో పోల్చును. రెండును ఒకటైనచో సున్న, వేరైనచో ఒకటి. దీనినే ఎక్స్‌ఆర్ అందురు. అదే ధారతో అదే పని మరల చేసినచో మొదటి సమాచారము తిరిగి వచ్చును. దాచుటకును తీయుటకును ఒకే ప్రక్రియ.

డేనియల్ బెర్న్‌స్టీన్ 2005లో సాల్సా20 అను ధారాగూఢలిపిని నిర్మించి, దానిని సంస్కరించి 2008లో చాచా అను దానిని ప్రకటించెను. చాచాకు పదునారు గళ్ల పలక ఆధారము. ఒక్కొక్క గడిలో 32 బిట్లు. కొన్ని గళ్లలో మారని అంకెలు, ఎనిమిదింట తాళపుచెవి, మిగిలినవానిలో లెక్కసంఖ్యయు, ఒకసారికి మించి వాడరాని అంకెయు ఉండును. ఆ గళ్లను నాలుగేసి చొప్పున తీసికొని కూడుట, ఎక్స్‌ఆర్ చేయుట, బిట్లను చక్రమువలె త్రిప్పుట అను మూడు పనులను మరల మరల చేయుదురు. త్రిప్పుడు 16, 12, 8, 7 స్థానముల చొప్పున జరుగును. ఇట్లు ఇరువది ఆవృత్తములలో 960 పనులు ముగిసి, తొలి పలకను తుది పలకకు కూడిన పిమ్మట, 64 బైట్ల ధార చేతికి వచ్చును.

ఈ మూడు పనులును దాదాపు ప్రతి ప్రాసెసరునకు తెలిసినవే. ప్రత్యేకమైన ఆదేశములతో పనిలేదు. మరియొక సుగుణము కూడ కలదు. ఏఈఎస్‌ను ప్రత్యేకాదేశములు లేకుండ వేగముగా నడపవలెనన్నచో రహస్యమును బట్టి పట్టికలలో వెదకుట వాడుక. ఆ వెదకుటకు పట్టిన కాలమును కొలిచి తాళపుచెవినే ఊహింపవచ్చునని బెర్న్‌స్టీన్ 2005లో నిరూపించెను. చాచాలో రహస్యమును బట్టి కాలము మారదు.

ఇక చేతిపని సంగతి. సామాన్యముగా ప్రోగ్రాములను సి వంటి ఉన్నత భాషలో వ్రాయుదురు. కంపైలరు దానిని యంత్రాదేశములుగా మార్చును. కంపైలరు మంచి అనువాదకుడే. కాని ఏ మాట వెనుక ఏ మాట వచ్చినచో యంత్రము ఆగక నడచునో దానికి అన్నివేళల తట్టదు. అట్టి చోట మనుష్యుడే అసెంబ్లీ భాషలో ఒక్కొక్క ఆదేశమును ఎన్నుకొని, కాలమును కొలిచి, వరుస మార్చి వ్రాయును.

32 బిట్ల ఆర్మ్ ప్రాసెసర్లలో నియాన్ అను విభాగమునకు 128 బిట్ల రిజిస్టర్లు పదునారు కలవు. ఒక్కొక్కదానిలో నాలుగు గళ్లు పట్టును. కనుక నాలుగు పలకలను ప్రక్కప్రక్కన ఉంచి, నాలుగింటి మొదటి గళ్లను ఒక రిజిస్టరులోను, రెండవ గళ్లను మరియొకదానిలోను ఉంచుదురు. ఒక్క ఆదేశముతో నాలుగు పలకల పని సాగును. అయితే పదునారు గళ్లకు పదునారు రిజిస్టర్లు సరిపోయినవి. పంక్తిలో ఖాళీ విస్తరి లేదు. తాత్కాలికముగా ఏదైన ఉంచుకొనవలెనన్నచో ఒకరిని లేపి మెమరీకి పంపవలెను. పిమ్మట మరల పిలువవలెను. ఆ రాకపోకలకు కాలము పట్టును.

ఇంకొక చిక్కు. ఒక ఆదేశపు ఫలితము సిద్ధము కాకమునుపే దానిని కోరినచో యంత్రము నిలిచిపోవును. ఇందుకు విరుగుడు తెలుగువారికి క్రొత్త కాదు. అష్టావధానమున అవధాని ఒక పృచ్ఛకుని పద్యమును ముగించి రెండవవానిని చేరడు. ఒకరికి ఒక పాదము చెప్పి, వెంటనే మరియొకరికి ఇంకొక పాదము చెప్పును. అట్లే ఒక గడి త్రిప్పుట మొదలుపెట్టి, అది ముగియులోపల వేరొక గడిని కూడి, మూడవదానికి ఎక్స్‌ఆర్ చేసి, మరల మొదటిదాని వద్దకు వచ్చునట్లు ఆదేశములను పేనుదురు.

అన్నింటికంటె కష్టము త్రిప్పుటలో ఉన్నది. నియాన్‌కు చక్రమువలె త్రిప్పు ఆదేశమే లేదు. 16 స్థానముల త్రిప్పుడునకు గడి రెండు సగములను తారుమారు చేయు ఒక ఆదేశము చాలును. 12, 7 స్థానములకు వాడిన దారి ఇది: ఎడమకు జరిపి, కుడి భాగమును వచ్చి అతికించుట, దానికి తాత్కాలికపు రిజిస్టరు కావలెను. 8 స్థానములకు మాత్రము ముఖ్యమైన దారులు రెండు. పైన చెప్పినది ఒకటి. ఎనిమిది బిట్లనగా సరిగా ఒక బైటు గనుక, బైట్ల స్థానములను మార్చు పట్టిక ఆదేశమును రెండుసార్లు వాడుట రెండవది. ఆ పట్టిక మారనిది. రహస్యమునకు దానితో సంబంధము లేదు.

2018లో ఎరిక్ బిగ్గర్స్ లినక్సు కెర్నెలులోని ఈ భాగమును సవరించునపుడు ఈ రెండు దారులను కొలిచెను. కార్టెక్స్-ఏ7 పైన పట్టిక దారి రెండింతలు వేగవంతము. దానికంటె మెరుగైన కార్టెక్స్-ఏ53 పైన రెండును సమానమే. పైగా పట్టికను తెచ్చుకొను శ్రమ అదనము. ఆయన పట్టిక దారినే ఎన్నుకొనెను. మిగిలిన చిన్న సవరణలతో కలిపి, ఏ7 పైన బైటునకు 12.08 గడియార స్పందనములు పట్టుచున్నది 11.37కు తగ్గెను, అనగా 5.9 శాతము లాభము. ఏ53కు కలిగిన నష్టము అర శాతమునకు లోపు. ఉన్నవాని నుండి అర శాతము తీసి లేనివానికి ఆరు శాతము ఇచ్చిన ఈ తీర్పు, కారణములతో సహా, ప్రోగ్రాములోనే వ్యాఖ్యగా వ్రాయబడియున్నది. ఫైలుపైన నోటు వ్రాయుట నేర్చినవారు మెచ్చుకొనదగిన పద్ధతి.

2019 ఫిబ్రవరిలో గూగుల్ సంస్థ అడియాంటమ్ అను విధానమును ప్రకటించెను. దానిని రూపొందించినవారు పాల్ క్రౌలీ, ఎరిక్ బిగ్గర్స్. అందులో పండ్రెండు ఆవృత్తముల చాచా ప్రధానాంగము. కార్టెక్స్-ఏ7 పైన 4096 బైట్ల ఖండమును విప్పుటకు బైటునకు 10.6 స్పందనములు పట్టును. నిలువచేసిన సమాచారమునకు అంతవరకు వాడుచుండిన ఏఈఎస్-256-ఎక్స్‌టీఎస్ కంటె ఇది అయిదింతలకు మించిన వేగము. అదే సంవత్సరము వచ్చిన ఆండ్రాయిడ్ 10తో క్రొత్తగా విడుదలయగు పరికరములకు మినహాయింపు తొలగిపోయెను. చౌక ఫోనునకు తాళము నియమమయ్యెను.

చేతిపనికి ప్రమాదమును లేకపోలేదు. గో భాషకు అనుబంధమైన గ్రంథాలయములో సాల్సా20కి ఉన్న అసెంబ్లీ రూపమునందు ఒక దోషము 2019లో బయటపడెను. పలకల లెక్కసంఖ్య 32 బిట్లు దాటినచో, అనగా 256 గిబీబైట్ల ధార పుట్టిన పిమ్మట, మొదట తప్పు ఫలితము వచ్చి, తరువాత పాత ధారయే మరల ప్రవహించెడిది. ధారాగూఢలిపిలో ఇంతకంటె పెద్ద దోషము లేదు. ఒకే ధారతో రెండు ఉత్తరములను దాచినచో, ఆ రెండు గూఢలిపులను ఒకదానితో నొకటి ఎక్స్‌ఆర్ చేసినంతనే ధార మాయమై, రెండు ఉత్తరముల కలయిక మిగులును. నేర్పరి దానిని విడదీయగలడు. కావుననే చేతితో వ్రాసిన రూపము ప్రక్కన, నిదానమైనను స్పష్టమైన సి రూపమును ఉంచి, రెండింటి ఫలితములను బైటు బైటుగా పోల్చుట ఆచారమైనది. వేగము కోరువాడు సరిచూచుటలో వేగిరపడరాదు.

ఈ పనియంతయు ఎవరి కంటను పడదు. ఫోను కొన్నవారు ఎనిమిది స్థానముల త్రిప్పుడు ఏ దారిన జరిగెనో అడుగరు; అడుగవలసిన పనియు లేదు. ఎదురుగా కనబడని లబ్ధిదారుని తలచుకొని, చిన్న చిన్న కాలవ్యయములను ఓపికతో తగ్గించుట ప్రభుత్వ కార్యాలయములలో పనిచేయువారికి అపరిచితమైన ధర్మము కాదు. అట్టి ఓపిక వలననే, తక్కువ వెలకు కొన్న ఫోనులోని ఉత్తరములకును ఎక్కువ వెలకు కొన్నదానిలోని ఉత్తరములకును నేడు ఒకే మర్యాద దక్కుచున్నది.