నీళ్లు అమ్ముకున్నాయన వెళ్లిపోయాడు, కాలువ బిల్లు పక్క రైతుకొచ్చింది

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. మీ అపార్ట్‌మెంట్‌లో 20 ఫ్లాట్లు ఉన్నాయి. వాచ్‌మన్, లిఫ్టు, మోటరు అన్నీ కలిపి నెలకి 60 వేలు, అంటే ఫ్లాటుకి 3 వేలు మెయింటెనెన్స్. ఒకరోజు 8 ఫ్లాట్ల వాళ్లు ఖాళీ చేసి, కట్టడం మానేశారు. వాచ్‌మన్ జీతం తగ్గదు కదా! మిగిలిన 12 మందికి తలా 5 వేలు పడుతుంది. వీళ్లు చేసిన తప్పల్లా అక్కడే ఉండిపోవడం.

ఆస్ట్రేలియాలో ముర్రే-డార్లింగ్ నదుల కింద వ్యవసాయం చేసే రైతుల భయం అచ్చంగా ఇదే. దీన్ని మళ్లీ రాజేసింది 2023 చివర్లో అక్కడి పార్లమెంటు చేసిన చట్టం. పేరు వింటే ఎవరికీ అభ్యంతరం ఉండదు: 'రిస్టోరింగ్ అవర్ రివర్స్', మన నదుల్ని మళ్లీ బతికించుకుందాం అని.

ముందు నది సంగతి చూద్దాం, ఎందుకంటే నది వైపు కూడా గట్టి న్యాయమే ఉంది. ఆ దేశంలో దాదాపు ఏడో వంతు భూమి ఈ నదుల పరీవాహక ప్రాంతమే. నాలుగు రాష్ట్రాలు పంచుకుంటాయి. ఎగువన ఎవరికి వారు తోడేసుకుంటూ పోయారు. పెద్ద కరవొచ్చింది. 2002లో ముర్రే నది సముద్రంలో కలిసే చోట ఇసుక మేట వేసేస్తుంటే, డ్రెడ్జర్లు పెట్టి తవ్వాల్సొచ్చింది. నది తన బలంతో సముద్రం దాకా వెళ్లలేకపోయిందన్నమాట. 2018-19 వేసవిలో మెనిండీ దగ్గర నీళ్లలో ఆక్సిజన్ అయిపోయి లక్షల చేపలు తేలాయి.

అందుకే 2007లో వాటర్ యాక్ట్, 2012లో బేసిన్ ప్లాన్ వచ్చాయి. సాగు నుంచి ఏడాదికి 2,750 గిగాలీటర్లు తీసి నదికి ఇవ్వాలని లెక్క. మన భాషలో చెప్పాలంటే ఒక టీఎంసీ అంటే సుమారు 28.3 గిగాలీటర్లు, కాబట్టి ఇది దాదాపు 97 టీఎంసీలు. అంతకుముందు 2010లో తొలి ప్రతిపాదన బయటికొచ్చినప్పుడే గ్రిఫిత్ అనే ఊళ్లో రైతులు ఆ పుస్తకాల్ని తగలబెట్టారు. ఆ తర్వాత 2012లో ఇంకో 450 గిగాలీటర్లు, అంటే 16 టీఎంసీలు, ఊళ్లకు నష్టం లేకుండా సాధిస్తామన్నారు. పదేళ్లు గడిచినా అందులో పదో వంతు కూడా రాలేదు.

ఇక్కడ ఒక విషయం అర్థం కావాలి. మన ఆయకట్టులో నీళ్లు పొలంతో ముడిపడి ఉంటాయి. పొలం అమ్మితే నీళ్లూ పోతాయి. నీళ్లు మాత్రమే అమ్ముతానంటే కొనే ఆఫీసు మనకి లేదు. అక్కడ నీటి హక్కు వేరే ఆస్తి, దాదాపు షేర్ లాంటిది. ఏటా జలాశయాల్లో ఉన్నదాన్ని బట్టి ఆ హక్కులో ఇంత శాతం వాడుకోవచ్చు అని ప్రకటిస్తారు. ఆ నీళ్లని ఆ ఏడాదికి అమ్ముకోవచ్చు, హక్కునే శాశ్వతంగా కూడా అమ్ముకోవచ్చు.

ప్రభుత్వం కొనేది ఆ శాశ్వత హక్కునే. 2015లో కొనుగోళ్లకి 1,500 గిగాలీటర్ల పరిమితి పెట్టారు. 2023 చట్టం ఆ పరిమితిని ఎత్తేసింది. మిగిలిన 450ని కూడా కొని తెచ్చుకోవచ్చంది. ఇందుకు 2027 చివరిదాకా గడువు. విక్టోరియా రాష్ట్రం ఆ ఒప్పందంలో చేరనంది.

"ఇష్టమైనవాడే కదా అమ్ముతున్నాడు, బలవంతం లేదు కదా" అంటారు. నిజమే. అప్పుల్లో ఉన్న రైతుకి, పిల్లలు పట్నం వెళ్లిపోయిన ముసలాయనకి ఇది మంచి అవకాశం. వాళ్లని తప్పుపట్టే హక్కు మనకి లేదు.

కానీ కాలువ సంగతేంటి? ఒక కాలువ మీద 20 మంది ఉంటే, మధ్యలో అక్కడక్కడా 8 మంది అమ్మేసి వెళ్లిపోతారు. వాళ్లు ఎగ్జిట్ ఫీజు కడతారు, లేదనను. అది కొన్నేళ్ల ఖర్చుకి సరిపోతుంది, తర్వాత? గేట్లు, పూడిక, లీకేజీ అన్నీ అలాగే ఉంటాయి. చివరి పొలానికి నీళ్లు పోవాలంటే కాలువ మొత్తం నిండాలి. అక్కడివాళ్లు దీన్ని చిల్లులు పడ్డ స్విస్ చీజ్‌తో పోలుస్తారు. మనకైతే ఎలుకలు కొరికిన గోనెసంచి అనొచ్చు.

రెండో దెబ్బ మార్కెట్లో తగులుతుంది. అమ్మకానికి వచ్చే నీళ్లు తగ్గితే కరవేడు ధర పెరుగుతుంది. బాదం తోటవాడు ఎంతైనా పెట్టి కొంటాడు, చెట్టు ఎండితే ఏళ్ల పెట్టుబడి పోతుంది కాబట్టి. వరి రైతు ఆ ఏడు విత్తడం మానేస్తాడు. వరి లేకపోతే మిల్లుకి పనేది? 2007లో కరవుకి డెనిలిక్విన్‌లోని పెద్ద రైస్ మిల్లు మూసేశారు, మళ్లీ తెరవడానికి ఏళ్లు పట్టింది. అక్కడ జీతానికి పనిచేసేవాడికి అమ్ముకోవడానికి నీటి హక్కు లేదు.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. నదికి నీళ్లు ఇవ్వాల్సిందే, దానికి కొనడమే నిజాయితీ అయిన దారి, డబ్బిచ్చి తీసుకుంటున్నారు కదా. నా గొడవంతా కొనే పద్ధతి మీదే. కొనే ముందు ఊళ్ల మీద ప్రభావాన్ని మంత్రి పరిశీలించాలని చట్టంలో ఉంది. పరిశీలించడం వేరు, కాపాడడం వేరు. టెండరు పిలిచి ఎవడు ముందొస్తే వాడి దగ్గర కొనే బదులు, ఒక పిల్లకాలువ కింద అందరితో కలిపి మాట్లాడి, ఆ కాలువనే మూసేసి, అందరికీ పరిహారం ఇస్తే మిగిలిన కాలువలు గట్టిగా ఉంటాయి. ఇది నెమ్మదైన పని. 2027 గడువుకి కుదురుతుందా అంటే, అన్నిచోట్లా కుదరదు. గడువుని కొంచెం జరిపినా పర్లేదంటాను నేను, నది పక్షాన మాట్లాడేవాళ్లు నా మీద కోప్పడతారని తెలుసు.

మీలో కాలువ చివరి భూముల వాళ్లు ఎంతమంది? పై పొలాలవాళ్లు సాగు మానేస్తే మీకు నీళ్లు ఎక్కువొచ్చాయా, తక్కువొచ్చాయా? కింద రాయండి, వచ్చే ఎపిసోడ్ దాని మీదే చేద్దాం.