కంప్యూటరు వేగమును పెంచుట – ఆ పెంపును కొలుచుట
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



ఈ గ్రంథాలయమునకు 25 సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున గ్రామయువకులు పాలకవర్గము నెదుట ఒక విన్నపము నుంచిరి. పఠనమందిరపు మూలనున్న కంప్యూటరు మిక్కిలి మందగించినదనియు, క్రొత్తది కొనుటకు నిధులు చాలవు గనుక ఉన్నదాని వేగమునే పెంపు చేయవలెననియు వారి కోరిక. ఈ పనిని ఓవర్‌క్లాకింగు అందురు. పెద్దలలో కొందఱు ఇది యంత్రమును చెఱచు పని యనుచున్నారు. యువకులు ఖర్చులేని లాభ మనుచున్నారు. రెండు మాటలయందును కొంత నిజము కలదు. ఎంత నిజమో జమాఖర్చు వేసి చూచుటకే ఈ ప్రసంగము.

కంప్యూటరునకు ప్రాణము ప్రాసెసరు. బొటనవ్రేలి గోరంత సిలికాను బిళ్లపై కోట్లకొలది సూక్ష్మమైన మీటలుండును. అవన్నియు ఒకే తాళమునకు నడచును. కోలాటము నెఱిగినవారికి ఇది సులభముగ బోధపడును. నడుమ గురువు తాళము వేయును. ఒక దెబ్బకును మఱియొక దెబ్బకును నడుమ ప్రతి ఆటగాడును అడుగు వేసి, తిరిగి, ప్రక్కవాని కోలకు తన కోల తగిలింపవలెను. గురువు తాళము హెచ్చించినచో ఆట రక్తికట్టును. మితిమీరి హెచ్చించినచో ఎవడో యొకడు తిరుగుట ముగియకముందే తరువాతి దెబ్బ పడును. కోల గాలిలో పోవును. ప్రాసెసరులోను అంతే. తాళమును నిర్ణయించు గడియారము సెకనునకు ఎన్ని దెబ్బలు వేయునో దానిని హెర్ట్జ్ లెక్కన చెప్పుదురు. పది లక్షల దెబ్బలు ఒక మెగాహెర్ట్జ్. నూఱు కోట్లు ఒక గిగాహెర్ట్జ్. తయారుచేసినవారు చీటీపై వ్రాసిన తాళముకంటె త్వరితముగ నడిపించుటయే ఓవర్‌క్లాకింగు.

ఈ విద్య యువకులకు ఎక్కడ అబ్బినదో ఊహించుట కష్టము కాదు. సికింద్రాబాదున పారడైజ్ కూడలి దాపున, పార్కులేనులో, చెనాయ్ ట్రేడ్ సెంటర్ అను అంగళ్ల సముదాయము కలదు. జనులు సీటీసీ యందురు. కంప్యూటరు విడిభాగములకు అది పేరుగన్న స్థలము. బిళ్ల యొకచోట, పలక యొకచోట, పంకా మఱియొకచోట బేరమాడి కొని యంత్రమును కూర్పించుకొను వానికి, ఏ భాగము ఎంత పని చేయునను జిజ్ఞాస తనంతట పుట్టును. ఆ ప్రాంతమునకు కంప్యూటరు నిన్న మొన్న వచ్చినదియు కాదు. 1967లో స్థాపితమైన ఈసీఐఎల్ సంస్థ టీడీసీ-12 అను యంత్రమును నిర్మించినది ఆ జంటనగరములయందే.

ఓవర్‌క్లాకింగునకు లోకప్రసిద్ధి తెచ్చినది 1998 ఆగస్టులో ఇంటెల్ సంస్థ విడుదలచేసిన సెలెరాన్ 300ఎ. అంగడివారు దానిని 300 మెగాహెర్ట్జ్ అని అమ్మిరి. పలకపై మూలతాళము 66 చిల్లర, ప్రాసెసరు దానిని నాలుగున్నర రెట్లు చేసికొనును, అందువలన 300. ఆ నాలుగున్నరను మార్చుటకు వీలులేకుండ బిగించిరి. అయితే మూలతాళమును 100కు పెంచినచో? నూఱు నాలుగున్నరలు 450. కొందఱు పలకలోని అమరికలను మార్చియు, కొందఱు ప్రాసెసరు అంచునగల ఒక చిన్న కొనకు అంటుకాగితము కప్పియు ఈ కార్యమును సాధించిరి. అదే దినమున అదే సంస్థ విడుదలచేసిన 450 మెగాహెర్ట్జ్ పెంటియం-2 వెల 669 డాలర్లు. ఈ సెలెరాన్ వెల 149 డాలర్లు. లోకమంతటి విద్యార్థులు దానిపై ఏల ఎగబడిరో వేఱుగ చెప్పనక్కఱలేదు.

తయారుచేసినవారు తమ సరుకు శక్తిని తక్కువగ ఏల వ్రాసిరి? ధాన్యమును తూర్పారబట్టి రకములు చేసినట్లు, కర్మాగారమునందు ఒకే పలక నుండి కోసిన బిళ్లలను పరీక్షించి, ఇవి ఇంత వేగము నోర్చును, ఇవి ఇంతే యని చీటీలు వేయుదురు. చౌకరకమునకు గిరాకీ హెచ్చినపుడు మేలురకపు బిళ్లలకును చౌకచీటీయే పడును. అది గాక, వేసవియందును పని చేయవలెను, ఏండ్ల తరబడి పని చేయవలెను గనుక కొంత వెసులుబాటు విడుతురు. ఓవర్‌క్లాకింగు చేయువాడు ఆ వెసులుబాటును తన ఖాతాలో జమ వేసికొనుచున్నాడు. అది ప్రతి బిళ్లయందును ఒకే కొలత నుండదు. ఒకని యంత్రము 450కి చేరినదని మఱియొకనిది చేరవలెనను నియమము లేదు.

ఇక లాభము లెక్క. 300 నుండి 450 అనగా నూటికి 50 పెంపు. అయితే 300 సెకనులు పట్టు పని 150 సెకనులలో ముగియునని భ్రమపడువారు కలరు. ఒకటిన్నర రెట్లు వేగమైనచో కాలము 200 సెకనులగును. తగ్గినది నూటికి 33 మాత్రమే. వేగమున 50, కాలమున 33 – రెండును సత్యమే. అమ్మువాడు మొదటిది చెప్పును, కొనువాడు రెండవది అడుగవలెను.

ఆ 200 సెకనులు కూడ పనియంతయు ప్రాసెసరుదే అయినపుడే. 300 సెకనులలో 100 సెకనులు డిస్కు నుండి కాగితములు తెచ్చుటకై వేచియుండుటలో గడచునని అనుకొనుడు. తాళము పెంచినందువలన డిస్కు త్వరపడదు. మిగిలిన 200 సెకనులు 133కు తగ్గును, మొత్తము 233. వేగము పెంపు నూటికి 50 పోయి, 29కి దిగినది. వేచియుండునది 200 సెకనులైనచో పెంపు పన్నెండున్నరయే! అమెరికా దేశపు జీన్ ఆమ్‌డాల్ 1967లో ఈ విషయమునే కంప్యూటరు నిర్మాతలకు హెచ్చరికగ చెప్పెను. ఎడ్లను అదిలించినంతమాత్రమున బావిలో ఊట పెరుగునా? కపిల తోలినవారందఱును ఎఱిగిన సంగతియే యిది.

కావున ఊహ పనికిరాదు, కొలువవలెను. దీనికి బహుళముగ వాడినది సూపర్ పై అను ప్రోగ్రాము. 1995లో తోక్యో విశ్వవిద్యాలయమున కనడా యసుమస బృందము నుండి అది వెలువడినది. వృత్తపరిధికిని వ్యాసమునకును గల నిష్పత్తిని పది లక్షల స్థానములవఱకు గణించుటకు ఎన్ని సెకనులు పట్టినదో అది చెప్పును. ఇచట ఆర్యభటుని స్మరింపకుండుట న్యాయము కాదు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయమున వ్యాసము 20000 అయినచో పరిధి 62832 అని చెప్పబడినది, అనగా 3.1416. అది ఆసన్నము, అనగా దగ్గఱి విలువయే, అని కూడ ఆయన చెప్పుట గొప్ప. నేడు ఇదే నిష్పత్తిని కోటానుకోట్ల స్థానములు గణించుటకు వాడు చుద్నోవ్‌స్కీ సోదరుల సూత్రము, 1914లో శ్రీనివాస రామానుజన్ ప్రకటించిన శ్రేణుల కోవలోనిదే. సీటీసీలో కొన్న బిళ్ల సత్తువను పరీక్షింపబోయి పిల్లలు తెలియకయే ఆ పెద్దల వాకిటికి చేరుచున్నారు.

కొలుచు విధమునందు శ్రద్ధ కావలెను. తాళము పెంచకముందు మూడు మాఱులు, పెంచిన తరువాత మూడు మాఱులు, అదే ప్రోగ్రాము, అదే గది, అదే వేళ. మిగిలిన పనులన్నియు మూసివేయవలెను. మూడింటిలో మేలైనదొక్కటి ఏరుకొనుట మోసము, మూడును వ్రాయవలెను. గడియారపు విషయమున ఒక వింత జరిగినది. యంత్రము తన కాలమును తానే కొలుచుకొనును గదా! 2013 ఆగస్టులో, విండోస్ 8 వాడు కొన్ని యంత్రములలో మూలతాళమును నడుమ మార్చినచో లోపలి గడియారమే తప్పుచున్నదని బయటపడినది. సెకను సాగిపోవుటచే యంత్రము చేయని త్వరను చేసినట్లు చూపినది. ఈ పందెముల ఫలితములను నమోదు చేయు హెచ్‌డబ్ల్యుబాట్ అను సంస్థ ఆ ఫలితముల నన్నిటిని నిషేధించినది. సాగిన కొలగుంజతో భూమి కొలిచినట్లే యైనది! గోడగడియారమో చేతిగడియారమో ప్రక్కనుంచుకొని సరిచూచుకొనుట ఉత్తమము.

ఇంతవఱకు జమ. ఖర్చు వైపు మొదటిది వేడి. తాళము హెచ్చినపుడు ఆటగాండ్రకు బలము చాలనట్లు, బిళ్లకు మఱికొంత వోల్టేజి నీయవలసి వచ్చును. వేడి తాళముతో సమముగ పెరుగును. వోల్టేజితో దాని వర్గముగ పెరుగును. 2 వోల్టులను 2.2 చేసినచో పెంపు పదవవంతే. దాని వర్గము 1.21. తాళము ఒకటిన్నర. రెండును గుణించిన 1.815. నూటికి 50 వేగమునకై నూటికి 81 వేడి! ఆ వేడిని లాగుటకు పెద్ద లోహపు దిమ్మె, పంకా, నడుమ పూయు పేస్టు కావలెను. ఖర్చులేని లాభమను మాట ఇచటనే వీగినది. కరెంటు సరేసరి: 40 వాట్లు అధికముగ, దినమునకు 5 గంటలు నడచినచో నెలకు 6 యూనిట్లు.

గాలితో చల్లార్చు దిమ్మె బిళ్లను గదికంటె చల్లగ చేయజాలదు. గదికి 45 డిగ్రీలు పైన నిలుపగలదనుకొనుడు. మార్గశిరమాసపు ఉదయమున గది 20 డిగ్రీలైనచో బిళ్ల 65. సికింద్రాబాదు మే నెల మధ్యాహ్నమున గది 42 అయినచో బిళ్ల 87. నేటి ప్రాసెసర్లు నూఱు డిగ్రీల దాపునకు వచ్చినపుడు తమను తాము కాపాడుకొనుటకు తాళమును తగ్గించుకొనును. చలికాలమున కొలిచి జబ్బలు చఱచుకొన్న లాభము ఎండకాలమున మాయమగుట ఇందువలననే. ద్రవహీలియము పోసి 2022 డిసెంబరులో 9 గిగాహెర్ట్జ్ దాటించినవారు కలరు. అది మల్లవిద్య వంటిది, సేద్యమునకు పనికిరాదు.

రెండవ ఖర్చు తప్పు. ముఖ్యమైనది ఇదియే. యంత్రము ఆగిపోయినచో భయము లేదు, మరల వెలిగింపవచ్చును. ఆగకుండ, చప్పుడు చేయకుండ, ఒక్క అంకె తప్పు వేసినచో? కంప్యూటరు అంకెలను సున్న, ఒకట్ల వరుసలుగ దాచుకొనును. 5 అను సంఖ్య 000101. ఆ వరుసలో ఎడమప్రక్కనున్న ఒక్క సున్న ఒకటి అయినచో అది 100101, అనగా 37. పహాణీ నకలులో 5 గుంటలు 37 గుంటలైనచో రెండు కుటుంబములు కోర్టు మెట్లెక్కును. ఆ తప్పునకు సాక్షి యుండడు. కాగితముపై అక్షరములు చక్కగనే యుండును. పరీక్షింపదలచినవారు ప్రైమ్95 అను ప్రోగ్రామును నడుపుదురు. బృహత్తరములైన ప్రధానసంఖ్యలను వెదకుటకై పుట్టిన ఆ ప్రోగ్రాము, ముందే తెలిసిన జవాబులతో తన గణనను సరిచూచుకొనుచు, తప్పు దొరలినంతనే చెప్పును. రాత్రియంతయు నడిపి తప్పు లేనిచో కొంత నమ్మవచ్చును. వేసవిలో మరల నడిపి చూడవలెను.

మూడవది ఆయువు. వోల్టేజి మితిమీరినచో బిళ్ల క్రమముగ క్షీణించును. ఇంటెల్ వారి 13వ, 14వ తరముల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్నింటికి, ఏ పెంపును చేయకున్నను, ఈ గతి పట్టినది. హద్దు మీరిన వోల్టేజియే మూలమని 2024 జూలైలో ఆ సంస్థయే ప్రకటించి, ఆగస్టులో దిద్దుబాటు విడుదలచేసి, పూచీ గడువును మఱి రెండేండ్లు పొడిగించినది. చేతులార వోల్టేజి పెంచినవారికి సాధారణముగ ఆ పూచీ వర్తింపదు.

కాలమును మారినది. 2008 చివర వచ్చిన ఇంటెల్ ప్రాసెసర్ల నుండి యంత్రమే అవసరమును బట్టి తన తాళమును హెచ్చించుకొనుట నేర్చినది. 1998 నాటి వెసులుబాటును నేడు తయారుచేసినవారే వాడుకొనుచున్నారు. అందుచేత చేతితో పెంచినవారికి దక్కునది స్వల్పము. అదియు అన్ని యంత్రములకు సాధ్యము కాదు. ఇంటెల్ బిళ్లలలో సాధారణముగ పేరు చివర 'కె' యుండవలెను. దానికి తోడు తగిన పలక యుండవలెను. కార్యాలయములకై కూర్చి అమ్ము యంత్రములలో ఈ రెండును చాలవఱకు ఉండవు. అనుభవజ్ఞులలో పలువురు నేడు తాళమును పెంచుట మాని, అదే తాళమునకు వోల్టేజి ఎంత తగ్గింపవచ్చునో చూచుచున్నారు. యంత్రము చల్లగను, నిశ్శబ్దముగను నడచును.

యువకులను నిరుత్సాహపఱచుటకు ఈ మాటలు కావు. సొంత యంత్రముపై, ఆటలకొఱకు, తెలిసి చేయువాడు కొలతయు, గుణకారమును, విద్యుచ్ఛాస్త్రమును ఒకేచోట నేర్చును. పోయినచో వాని బిళ్ల పోవును. పఠనమందిరపు యంత్రము వేఱు. అందు రైతుల దరఖాస్తులు, విద్యార్థుల రుసుముల రసీదులు, సభ్యుల చందా లెక్కలు ఉన్నవి. వెలిగించిన పిమ్మట అది మొరాయించునది తిరుగుడు డిస్కు దగ్గఱ. ప్రాసెసరు ఆ సమయమున చేతులు కట్టుకొని నిలిచియుండును. కావున మొదట ఆ డిస్కును తీసి ఎస్‌ఎస్‌డి వేయించుట, ర్యాము తక్కువైనచో మఱియొక పలుకు చేర్చుట, పంకాలోని దుమ్ము దులిపి ఎండిన పేస్టు మార్చుట – ఈ మూడింటికి పాలకవర్గము పైకము మంజూరు చేయవచ్చును. సీటీసీకి పోవు యువకులు రెండు మూడు అంగళ్లలో వెల విచారించి రసీదుతో కొనితేవలెను.

పాత డిస్కును విప్పకముందు మాత్రము, యంత్రము వెలుగుటకు ఎన్ని సెకనులు, చందా పట్టిక తెఱచుకొనుటకు ఎన్ని సెకనులు అను రెండు కాలములను గోడగడియారము చూచి మూడేసి మాఱులు వ్రాసికొని, క్రొత్తది బిగించిన పిదప మరల మూడేసి మాఱులు వ్రాసి, ఆ కాగితమును ప్రకటనల పలకపై అంటింపవలెను. చందా కట్టిన సభ్యులు దానిని తామే చదివి చూచుకొందురు.