కేంద్రము ఆయువు, పరీక్షకుని చదువు



ఎవరి స్మృత్యర్థమై మనమీ సాయంకాలము సమావేశమైతిమో ఆ ఆచార్యులు తమ జీవితమునంతయు బోధనకే ధారవోసినవారగుటచే, నేనును బోధనకు సంబంధించిన విషయమునే యెన్నుకొంటిని. అణువిద్యుత్కేంద్రముల భద్రతను పరీక్షించువారికి చదువు చెప్పుట యెట్లు, ఎన్నేండ్ల ముందుచూపుతో చెప్పవలెను అనునదియే ఆ విషయము.

1975 మార్చి 22వ తేదీన, అమెరికాలోని అలబామా రాష్ట్రమున, బ్రౌన్స్ ఫెర్రీ కేంద్రములో, కేబుళ్లు గోడను దాటిపోవు రంధ్రములగుండ గాలి చొచ్చుచున్నదేమో కనుగొనుటకై యొక పనివాడు కొవ్వొత్తి వెలిగించి పట్టగా, ఆ జ్వాల రంధ్రమున కూర్చిన నురుగుపదార్థమున కంటుకొని, వేయికిపైగా కేబుళ్లను పాడుచేసి, రియాక్టరును చల్లబరుపవలసిన సాధనములను పెక్కింటిని ఒక్కమారే నిరుపయోగములు గావించెను. ఒకటి చెడినచో రెండవది యక్కరకు వచ్చుటకై యేర్పరచిన వ్యవస్థల తీగెలు ఎడము లేక ఒక్కచోటనే సాగిపోవుటయే అందలి లోపము. ఆ పాఠమును అమెరికా నియంత్రకులు 1980లో అగ్నిరక్షణ నిబంధనలుగా శాసించిరి.

పదునెనిమిదేండ్ల పిదప, 1993 మార్చి 31వ తేదీ తెల్లవారుజామున, ఉత్తరప్రదేశమందలి నరోరాలో మొదటి యూనిట్టు టర్బైను రెక్కలు రెండు విరిగి, ఆ యదురునకు హైడ్రోజను వాయువును నూనెయు వెడలి యంటుకొని, మంట కేబుళ్ల దారినే ప్రాకిపోయినది. ఇచటను ప్రధాన మార్గమును దాని ప్రత్యామ్నాయమును అగ్నినిరోధకమైన అడ్డు లేక చేరువనే యుండెను. కేంద్రము పదునేడు గంటలపాటు విద్యుత్తు లేక నిలిచినది. పొగచే నియంత్రణగదిని విడువవలసి వచ్చినది. అట్టి యంధకారమున చేతిదీపములతో రియాక్టరు భవనముపైకెక్కి, కవాటములను స్వహస్తములతో విప్పి, బోరాను ద్రావణమును లోనికి వదలిన యుద్యోగులను నేను నిత్యము స్మరింతును. రేడియోధార్మికత వెలువడలేదు. అది వారి ధైర్యఫలము. ఆ ధైర్యము నవసరము చేసినది మాత్రము నక్షాలోని దోషము.

1975 నాటి పాఠము గ్రంథాలయములందు లేకపోలేదు. అచ్చుపుస్తకమున నున్న పాఠమునకును, నక్షాను చేతబట్టి కూర్చున్న పరీక్షకుని మనస్సున నున్న పాఠమునకును గల దూరమే ఆ పదునెనిమిదేండ్లని నా తలంపు. ఒహాయోలోని డేవిస్-బెస్సీలో 1977లో మూతపడక నిలిచిన కవాటము వంటిదే 1979లో త్రీమైల్ ఐలాండున తెరచియుండిపోయి, అచటి సిబ్బందినట్లే యిచటి సిబ్బందిని భ్రమపెట్టినది. నడుమ గడచినది ఏడాదిన్నర మాత్రమే. అనుభవము తనంతట ప్రయాణము చేయదు. దానిని చేతబట్టి తీసికొనిపోవు గురువు కావలెను.

మన తారాపూరు అణువిద్యుత్కేంద్రము 1969లో విద్యుదుత్పత్తి నారంభింపగా, అణుశక్తి నియంత్రణ మండలి 1983 నవంబరు 15న గాని యేర్పడలేదు. పరీక్షింపవలసినది ముందు పుట్టి, పరీక్షకుడు పదునాలుగేండ్లకు పుట్టెను. నిర్మాణమున కొక దశాబ్దము, నడకకు అరువదేండ్లు, విప్పి శుద్ధిచేయుటకు మరికొన్ని దశాబ్దములు. ఇరువదియైదవ యేట కొలువున చేరి అరువదవ యేట విరమించు పరీక్షకులు ఒక్క కేంద్రమునకే మూడు తరములవారు కావలెను. శ్రీకాకుళము జిల్లా కొవ్వాడలో తలపెట్టిన రియాక్టర్లు నిర్మింపబడినచో, వాని తుది పరీక్షకుడు ఇంకను జన్మింపలేదు. అతని చదువునకు నేడే యేర్పాటు చేయవలెననుట అతిశయోక్తి కాదు.

కొత్త కేంద్రమునకు అనుమతి వచ్చినప్పుడే నియామకములు జరుపు పద్ధతిని నేనంగీకరింపను. కేంద్రములు వచ్చినను రాకున్నను, ఏటేట కొందరు యువకులను చేర్చుకొని, విరమింపనున్నవారి చెంత కనీసము ఐదేండ్లు కూర్చుండబెట్టవలెను. 1957లో ట్రాంబేలో వెలసిన శిక్షణాలయము మహోపకారము చేసినది. నిర్మించువారును, పరీక్షించువారిలో ననేకులును అచటనే చదివిరి. అయితే ఒక్క బల్లపై కూర్చున్నవారు ఒక్క విధముగనే చూచుట సహజము. కావున నియంత్రకునకు వేరొక చూపు నలవరచు పాఠశాల యుండవలెను. కల్పాక్కములో 1999లో నెలకొల్పిన భద్రతా పరిశోధనసంస్థ అందుకు తగిన బీజము. అమెరికా నియంత్రణ సంఘమునకు చట్టనూగా నగరమున సొంత శిక్షణకేంద్రము కలదు. పరీక్షకులే సిమ్యులేటరు ముందు కూర్చుండి, ప్రమాదములను నడిపి చూతురు.

అట్టి పాఠశాల మనకు వెలసిననాడు, మొదటి తరగతిలో ఉపన్యాసము వలదు. నరోరా నాటి కేబుళ్ల నక్షాను, పేరు చెప్పక, తేదీ చెప్పక విద్యార్థుల ముందు పరచి, ఇందు దోషమేదియని యడుగవలెను. తామై కనుగొనువరకు వారిని లేవనీయరాదు.