ఇంజన్ విప్పి బిగించాక ట్రాక్టరు స్టార్టు కాకపోతే
(పాల ఉత్పత్తిదారుల సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం)



ఇన్‌స్పెక్టరు వచ్చాడంటే వెన్న శాతం, రిజిస్టర్ల సంగతే ఎత్తుతాడని మీరు అనుకొని ఉంటారు. ఈ పూట ట్రాక్టరు గురించి మాట్లాడదలచాము. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల్లో దున్నకానికైనా, వరిగడ్డి ఇంటికి చేర్చడానికైనా మనలో చాలామందికి పాత ట్రాక్టరే ఆధారం.

లక్షెట్టిపేట వైపు ఒక సంఘం తనిఖీకి వెళ్ళినప్పుడు ఒక సభ్యుని వాకిట్లో పాత మాసీ 1035 నిలిచి ఉంది. మూడు సిలిండర్ల ఇంజన్ దింపి స్లీవులు, పిస్టన్లు, రింగులు కొత్తవి వేయించాడు. రెండు ఈతల పాల డబ్బు దానికే పోయింది. తీరా సెల్ఫు కొడితే తిరుగుతున్నది గాని స్టార్టు కాదు. మృగశిర దగ్గర పడింది. గొలుసు కట్టి మరో ట్రాక్టరుతో లాగుదామని మేస్త్రీ సిద్ధమైనాడు. "జర ఆగు తమ్మీ" అన్నాము. కొత్తగా బిగించిన ఇంజన్‌ను లాగరాదు. టైమింగు తప్పి ఉంటే వాల్వు పిస్టన్‌కు తగలవచ్చు. మండని డీజిల్ కొత్త స్లీవుల మీది ఆయిలును కడిగివేస్తుంది. సిలిండర్‌లో డీజిల్ నిండి ఉంటే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది.

ముందు సైలెన్సరు పొగ చూడాలి. సెల్ఫు కొట్టినా పొగే రాకుంటే డీజిల్ అందడం లేదన్నమాట. ఇంజన్ ఆపే నాబు లాగి ఉన్నదేమో చూడండి. నవ్వకండి, అదీ జరుగుతుంది. పైపులు విప్పితే గాలి పట్టక మానదు. ఫిల్టరు మీది గాలి స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపు లివరు కొట్టుతూ బుడగలు ఆగేదాకా పోనివ్వాలి. తరువాత డీజిల్ పంపు స్క్రూ, చివరకు నాజిల్ పైపుల నట్లు. నాజిల్ ధారకు చేయి అడ్డం పెట్టరాదు, చర్మంలోకి దూసుకుపోతుంది.

తెల్లపొగ, పచ్చి డీజిల్ వాసన వస్తే డీజిల్ చేరుతున్నది, మండడం లేదు. డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ లేదు. గాలిని పదహారు వంతులకు పైగా నొక్కిన వేడికే మండాలి. కొత్త రింగులు బిగువు, బ్యాటరీ నీరసం అయితే ఆ వేడి పుట్టదు. టప్పెట్లకు సందు లేకుంటే వాల్వులు మూసుకోక నొక్కుడు పోతుంది.

ఇక్కడ వచ్చింది తెల్లపొగే. బ్యాటరీ బాగుంది, టప్పెట్లూ సరే. అడగగా అడగగా మేస్త్రీ చెప్పాడు: గేర్ల గుర్తులు మొదట కలిపే బిగించాడట. ఇంజన్ కొంత తిప్పి మళ్ళీ చూస్తే గుర్తులు కలవలేదు. తప్పు చేశాననుకొని పంపు గేరు జరిపాడు! నడుమ ఐడ్లర్ గేరు ఉన్న ఇంజన్లలో ఒకసారి తిప్పాక ఆ గేరు మీది గుర్తులు ప్రతి చుట్టుకూ కలవవు. ఎన్నో చుట్లు తిరిగితే గాని మళ్ళీ ఎదురుపడవు. మేస్త్రీ పనిమంతుడే, ఈ ఒక్క సంగతి ఎవరూ చెప్పలేదు. సహకార శాఖకు రాక ముందు చదివిన డిప్లొమా మాకు అక్కరకు వచ్చింది అక్కడే.

ఒకటో పిస్టన్‌ను నొక్కుడు పైకొసకు తెచ్చి, ఐడ్లర్ తీసి, క్రాంకు, క్యాము, పంపు గేర్ల గుర్తులు మూడూ ఐడ్లర్ గుర్తులకు కలిపి బిగించాము. పంపు రెండు పళ్ళు తప్పి ఉండింది. నాబు లాగి ఉంచి, ఆయిల్ గేజి ముల్లు లేచేదాకా సెల్ఫు తిప్పాము, పది సెకన్లకొకసారి ఆపుతూ. నాబు నొక్కిన తరువాత రెండో సెల్ఫుకు స్టార్టు అయింది.

సభ్యుడు గొలుసు తిరిగి ఇచ్చి వచ్చాడు. చాయ తాగి మేము రిజిస్టర్ల పనికి కూర్చున్నాము.