బూజు దారంలో బరువు లాగేదెవరు?



ముసురు రోజుల్లో ఎండుకొబ్బరికి బూజు పడుతుంది. ఛీ అని పారేస్తాం. బూజు కూడా ప్రాణమున్నదే. పొడి రేణువు నుంచి సన్నని దారం మొలిచి కొసన పెరుగుతూ పోతుంది.

దారం లోపల కేంద్రకాలు అనే చిన్న గుండ్లు ఉంటాయి. ఏ పని ఎట్లా చేయాలో చెప్పే చిట్టా వాటిలోనే ఉంటుంది. ఒకటి రెండవుతుంది. రెండు నాలుగవుతాయి. అన్నీ మొలిచిన చోటే కుప్ప పడితే ఎట్లా? నాట్లు వేసినట్టు దారం పొడుగునా ఎడంగా సర్దుకోవాలి.

వాటికి కాళ్లు లేవు. మరి లాగేదెవరు? డైనీన్ అనే మాంసకృత్తు. మాంసకృత్తులంటే పప్పులో, గుడ్డులో ఉండేవే అనుకుంటాం. వాటిలో కూలి పని చేసేవీ ఉన్నాయి! దారం లోపల సన్నని గొట్టాలు రైలు పట్టాల్లా పరిచి ఉంటాయి. డైనీన్‌కు రెండు పాదాలు. గొట్టం మీద అడుగులేస్తూ కేంద్రకాన్ని లాగుతుంది. అడుగు ఎంతనుకున్నారు? మిల్లీమీటరును 10 లక్షల ముక్కలు చేస్తే, అందులో సుమారు 8 ముక్కలంత!

అమెరికాలో రాన్ మోరిస్ అనే శాస్త్రవేత్త 1970లలో ఆస్పర్జిల్లస్ అనే బూజును పెంచాడు. అందులో కొన్ని రకాలు 42 డిగ్రీల వేడిలో పాడయ్యేవి. దారం సాగేది గానీ కేంద్రకాలు మొదట్లోనే గుంపుగా ఉండిపోయేవి. వాటిలో ఒక రకంలో చెడింది డైనీనే అని 1994లో తేలింది. ఇంకో రకంలో డైనీన్‌కు తోడుండే మాంసకృత్తు చెడింది.

ఆ తోడు మనుషుల్లోనూ ఉంది. పేరు లిస్-1. కడుపులో బిడ్డ మెదడు తయారయ్యేటప్పుడు నరాల కణాలు లోపల పుట్టి పైకి నడవాలి. అప్పుడూ కేంద్రకాన్ని లాగేది డైనీనే. లిస్-1 చెడితే కణాలు చేరాల్సిన చోటికి చేరవు. మెదడు మడతలు పడక నున్నగా ఉండిపోతుంది. బిడ్డకు మూర్ఛలు వస్తాయి. మెడ నిలపడం, కూర్చోవడం ఆలస్యమవుతాయి.

అట్లాంటి బిడ్డ పుడితే ఊళ్లో ఏమంటారు? గ్రహణం నాడు తల్లి కత్తిపీట పట్టిందంటారు. ఆ మాట అబద్ధం. ఈ లోపం ఎక్కువ మందిలో బిడ్డలోనే కొత్తగా వస్తుంది. తల్లి తిన్న తిండి వల్లా కాదు, చేసిన పని వల్లా కాదు. కొన్ని కుటుంబాల్లో మాత్రం తల్లి నుంచో తండ్రి నుంచో రావచ్చు. అందుకే మళ్లీ కాన్పుకు ముందు పెద్దాసుపత్రిలో ఇద్దరూ రక్త పరీక్ష గురించి అడగాలి. మడతలు తెప్పించే మందు లేదు. మూర్ఛకు మందులున్నాయి. డాక్టరు చెప్పకుండా వాటిని మధ్యలో ఆపకూడదు.